టచింగ్ చేయని ఫోటో

కిందటి వారం మనం చిట్టిని డాక్టరమ్మ ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాం. ఆ కుర్చీలో ఆమె ఆడిన అబద్ధం నిజానికి చాలా చిన్నది. గడ్డం మీద ఈ వెంట్రుకలు ఎప్పట్నుంచి అని డాక్టరమ్మ అడిగితే, "పోయినేడాది నుంచి" అంది. నెలసరి తప్పడం ఎప్పుడు మొదలైందంటే దానికీ అదే జవాబు. పక్క కుర్చీలో మొగుడున్నాడు మరి. పదహారో ఏట నుంచీ పొద్దున్నే స్నానాలగదిలో పంపు విప్పి, ఆ చప్పుడు చాటున ప్లక్కర్‌తో ఒక్కొక్క వెంట్రుకా పీక్కుంటున్న మనిషి ఆమె. ఆ సంగతి కట్టుకున్నవాడు వింటుండగా ఒక పరాయి మనిషికి చెప్పమంటే నీళ్లు నమలక ఏం చేస్తుంది?

ఇన్నేళ్ల కాపురంలో మొగుడికి తెలియలేదా అని మీరు అడగొచ్చు. తెలియకుండా చూసుకోవడమే ఆమె పొద్దుటిపూట పని. పోయినేడాది పీకి పీకి గడ్డం కింద సెగ్గడ్డ లేచి, చీము పట్టి, ఇక అక్కడ చెయ్యి పెట్టొద్దని మందులషాపతను గట్టిగా చెప్పాకే గుట్టు బయటపడింది. ఫోటోగ్రాఫరు, అంటే ఆమె మొగుడు, భార్య గడ్డం నల్లబడడం అప్పుడే మొదటిసారి చూశాడు. కాబట్టి ఆయన లెక్కలో అది పోయినేడాది వచ్చిన జబ్బు. చిట్టి ఆ లెక్కనే డాక్టరమ్మకి ఒప్పజెప్పింది.

మామూలుగా అయితే డాక్టరమ్మ మరో నాలుగు ప్రశ్నలేసి నిజం లాగేసేదే. కానీ ఆవిడ ముందుగా పాత ఫోటోలేమైనా ఉన్నాయా అని అడిగింది. ఫోటో స్టూడియో వాళ్లని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది? ఫోటోగ్రాఫరు ఒక్క పరుగున ఇంటికి పోయి, సంచీ నిండా తెచ్చి బల్ల మీద పరిచాడు. హాల్‌టిక్కెట్ ఫోటో నుంచి పెళ్లి ఆల్బమ్ దాకా, అక్కడి నుంచి పోయినేడాది దాకా, ఏ ఫోటో చూసినా నున్నటి గడ్డం, మచ్చలేని చెంపలు. వాటి పక్కన ఆస్పత్రి కార్డు కోసం కౌంటర్లో తీసిన తాజా ఫోటో పెట్టారు. అందులో గడ్డం నల్లగా ఉంది, చెంపల నిండా మొటిమలున్నాయి, మెడ చుట్టూ మసి పూసినట్టు నల్లచార ఉంది.

డాక్టరమ్మ ఆ రెండు ముఖాలనీ మార్చి మార్చి చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మగ హార్మోను ఆడవాళ్ల ఒంట్లోనూ కొంచెం ఉంటుందని, అది ఏళ్ల తరబడి మెల్లగా పెరిగితే ఒక దారి అని, ఇలా ఏడాదిలో ఎగిసిందంటే మాత్రం అండాశయంలోనో, మూత్రపిండం మీద ఉండే అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమో చూడాలని చెప్పింది. పెద్దాస్పత్రికి రాసింది. అక్కడ మందు ఎక్కించి స్కాన్ తీస్తారు, సర్జన్ చూస్తాడు, అవసరమైతే అక్కడే ఆపరేషన్. సోమవారం రమ్మన్నారు. ఆ మాట విని ఫోటోగ్రాఫరు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకోవడంతో పోయిన వారం కథ ఆగింది.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం. తాళాలు చేసేవాడి బడ్డీకీ జిరాక్సు కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఉండే వాళ్ల స్టూడియో భోజనాల వేళ షట్టరు సగం దించుకుని ఉంది. ముందు గదిలో కౌంటరు, మబ్బులు గీసిన తెర, గొడుగు లైటు, గుండ్రటి స్టూలు. వెనక గదిలో టచింగ్ పని, అంటే ఫోటోల్లో ముఖాలు దిద్దడం. ఫోటోగ్రాఫరు బస్సు టిక్కెట్లు తేవడానికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, ఆదివారం రిసెప్షన్ ఆర్డరు ఎదురువీధి స్టూడియోకి ఇచ్చి వస్తానన్నాడు. ఎదురువీధి వాడంటే ఆయనకి ఒళ్లుమంట. వాడు తీస్తే పెళ్లికొడుకులందరికీ కామెర్లు వచ్చినట్టుంటుందని కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు. అలాంటిది తానే గడప తొక్కి ఆర్డరు వాడి చేతిలో పెడుతున్నాడంటే మనిషి ఎంత బెదిరిపోయాడో చిట్టికి తెలుస్తూనే ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి అన్నం సహించడం లేదు. పది నిమిషాలకోసారి వెనక గదిలోకి తొంగిచూసి, నొప్పేమైనా ఉందా అని అడుగుతాడు. అడ్రినల్ అనే మాట పుట్టి బుద్ధెరిగాక విననివాడు ఇప్పుడు నిద్రలో కూడా అదే కలవరిస్తున్నాడు. ఆయన అడిగినప్పుడల్లా చిట్టి నోరు తెరుస్తుంది. డాక్టరమ్మకి అబద్ధం చెప్పానండీ అనడం పెద్ద కష్టం కాదు. ఆ వెంటనే ఆయన అడగబోయే ప్రశ్నకే ఆమె దగ్గర జవాబు లేదు. మరి నాకు చెప్పలేదేం? పెళ్లికి ముందు చెప్పలేదేం? పిల్లల కోసం ఇన్నేళ్లుగా ఎదురుచూస్తుంటే అప్పుడైనా చెప్పలేదేం? దాంతో తెరిచిన నోరు మంచినీళ్లు తాగడానికి తెరిచినట్టు నటించి ఊరుకుంటుంది. ఇలాగే ఇంకో రోజు నటిస్తే సోమవారం వస్తుంది, లేని గడ్డ కోసం కడుపు కోయించుకోవాల్సి వస్తుంది. ఒకవేళ నిజంగానే గడ్డ ఉంటే? ఆ భయమూ లేకపోలేదు. తన అబద్ధాన్ని ఫోటోలు కూడా బలపరిచేసరికి, ఏది ఎప్పుడు మొదలైందో తనకే సందేహం వచ్చే స్థితికి వచ్చింది పాపం.

ఆ ఫోటోల సంగతి కూడా చెప్పాలి. చిట్టి ఈ స్టూడియోలో ముందు టచింగ్ పనికి చేరి, తర్వాత కోడలైంది. అత్తగారిని వీధంతా పెన్సిలమ్మ అంటారు, నెగెటివ్‌ల కాలంలో చెక్కిన పెన్సిల్‌తో ముఖాలు దిద్దేది కాబట్టి. చిట్టి మౌసుతో దిద్దుతుంది కాబట్టి ఆమెని మౌసు కోడలు అంటారు. పోయిన మామగారు పెట్టిన నియమం ఒకటుంది, టచింగ్ చేయని ఫోటో కొట్టు గడప దాటకూడదు. ఫోటోగ్రాఫరు తీసి కెమెరా కార్డు లోపలికి ఇచ్చేస్తాడు, లోపల దిద్దుతారు, దిద్దినవే బయటికొస్తాయి. ఆ ఇంట్లో ఫోటో అంటే దిద్దిన ఫోటో అనే అర్థం. అందుకే డాక్టరమ్మ ఫోటోలు అడిగితే ఆయన శుభ్రంగా దిద్దినవి పట్టుకెళ్లాడు. అందులో తప్పేముందో ఆయనకి తట్టనే లేదు. తట్టిన చిట్టి నోరు మెదపలేదు. పైపెచ్చు ఆ బల్ల మీద అవన్నీ పరిచినప్పుడు, తన మాటకి సాక్ష్యం దొరికిందని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది కూడా.

ఆ మధ్యాహ్నం ఆమె తెర మీద ఉన్నది పొద్దున్న పరీక్ష ఫోటోకి వచ్చిన అమ్మాయి. తల్లి బలవంతం మీద చున్నీ కిందికి లాక్కుని కూర్చుంది. పెదవి పైన నూగు, గడ్డం కింద నాలుగైదు ముదురు వెంట్రుకలు. చిట్టి చెయ్యి అలవాటు కొద్దీ వాటి మీదికి పోయింది. అప్పుడే పెన్సిలమ్మ స్టూలు ఈడ్చుకుని వచ్చి పక్కన కూర్చుంది. చూపు తగ్గాక ఆవిడ ఈ గదిలోకి రావడం తగ్గించింది. వచ్చిందంటే ఏదో తప్పు పట్టడానికే.

"ఆ పిల్ల గడ్డం చూశావా?" అంది.

"చూశాను అత్తయ్యా. తీసేస్తున్నాను."

"ఇలా ఎంతమందివి తీసుంటాం మనిద్దరం?"

చిట్టి లెక్క పెట్టలేదంది. పెన్సిలమ్మ గొంతేమీ మార్చకుండా, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది. "నీది మొట్టమొదట తీసింది నేనే."

చిట్టి మౌసు వదిలి ఆవిడ వైపు తిరిగింది. పెన్సిలమ్మే చెప్పుకుంటూ పోయింది. చిట్టి హాల్‌టిక్కెట్ ఫోటో తీయించుకున్నది ఈ స్టూడియోలోనే. స్కూలు జడలు వేసుకుని ఇదే స్టూలు మీద కూర్చుంది, తీసింది మామగారు. గడ్డం కొంచెం ఎత్తమ్మా అని ఆయన ఎన్నిసార్లన్నా దించేస్తూనే ఉంది. లోపల నెగెటివ్ కడిగి చూస్తే ఎందుకు దించిందో పెన్సిలమ్మకి అర్థమైంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి అదే పిల్ల పని అడుగుతూ వచ్చినప్పుడు గడ్డం చూసి గుర్తుపట్టింది. కొడుకు ఈ పిల్లనే చేసుకుంటానన్నప్పుడూ ఆవిడకి ఆ సంగతి గుర్తుంది.

ఇవాళ భోజనాల దగ్గర కొడుకు మాటల్లో పడి, డాక్టరమ్మ ఫోటోలు చూసిందనీ, పాతవాటిలో ఒక్క వెంట్రుకా లేదు కాబట్టే గడ్డ ఉందని అనుమానిస్తోందనీ చెప్పాడట. అప్పటిదాకా ఆవిడకి స్కాన్ అనే తెలుసు, ఎందుకో తెలియదు. ముద్ద దిగలేదంది.

చిట్టికి తల కొట్టేసినట్టయింది. సిగ్గు ముందొచ్చింది, వెనకే కోపం వచ్చింది. ఏ మనిషి నుంచి ఇన్నేళ్లూ తలుపులేసుకుని, పంపు విప్పుకుని దాక్కుందో, ఆ మనిషికి మొదటి రోజు నుంచే తెలుసట.

"అయితే పెళ్లికి ముందే మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే ఊరుకున్నారు."

"నువ్వు దాచుకుంటున్నావు. ఒకళ్లు దాచుకున్నదాన్ని లాగి బయటేయడం మర్యాద కాదనుకున్నాను."

మర్యాద అన్న మాటతో చిట్టికి ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఈ ఇంట్లో పిల్లల మాట వచ్చినప్పుడల్లా పెన్సిలమ్మ విసిరిన చురకలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. పక్కింటి బారసాలకి వెళ్లొచ్చి నిట్టూర్చిన నిట్టూర్పులు, మనవడి కోసం దాచిన వెండి గిన్నె ఏడాదికోసారి తీసి కావాలని ఆమె ముందే తోమడం, అన్నీ గుర్తొచ్చాయి. వాటిలో మర్యాద ఎక్కడుందో చెప్పమంది. అత్తగారి ముందు ఆమె గొంతు అంతలా లేవడం అదే మొదలు.

"నా నెలసరి సరిగ్గా రావట్లేదని మీకు తెలిసే ఉంటుంది. ఒకే ఇంట్లో ఉంటాం. అన్నీ తెలిసి ఆ మాటలన్నారా అత్తయ్యా? మీరు అనే ప్రతి మాటకీ, తప్పు నాదేలే అని తలొంచుకున్నాను. ఆ హాల్‌టిక్కెట్ ఫోటో రోజు మా అమ్మ బయట బెంచీ మీదే కూర్చుని ఉంది. పిల్లని ఒకసారి ఎవరికైనా చూపించమ్మా అని మీరు ఒక్క మాట అని ఉంటే..."

"ఏమనేది మీ అమ్మ? ఫోటో తీయమంటే పిల్లకి వంకలు పెడుతున్నావేంటని లేచి పోయేది. నేనేమన్నా డాక్టర్నా?" పెన్సిలమ్మకీ కోపం వచ్చింది. ముక్కుపుటాలు అదిరాయి. అయితే ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. చీర చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా ఒళ్లో ఉంచుకుంది. "చెప్పాల్సింది. అప్పుడు నాకు తోచలేదు. గీత కనిపిస్తే పెన్సిల్ పెట్టడం ఒక్కటే తెలుసు నాకు. చురకలంటావా, అన్నాను. కాదనను."

క్షమించమని మాత్రం అనలేదు. ఆవిడ స్వభావం అది. లేచి, అటక మీద నెగెటివ్‌ల రేకుపెట్టెలు దించమంది. చిట్టికి దించాలని లేదు. కానీ సోమవారం తరుముకొస్తోంది. ఎక్కి దించింది.

ఆ మామగారి పద్ధతి చూడండి, ఏ ఏడాదివి ఆ ఏడాది కవర్లలో పెట్టి ఉంచాడు. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. పెన్సిలమ్మ ఆ హాల్‌టిక్కెట్ నెగెటివ్‌ని కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకుంది. నెగెటివ్‌లో నల్లవన్నీ తెల్లగా, తెల్లవన్నీ నల్లగా ఉంటాయి కదా. ఒక వెంట్రుక అక్కడ సన్నటి తెల్ల గీతలా కనబడుతుంది. ఆ గీత మీద పెన్సిల్ పూస్తే ముఖం రంగులో కలిసిపోతుంది. ఆవిడ అలా పూసినదంతా ఇప్పుడు టర్పెంటైన్ నూనెలో ముంచిన దూదితో తుడవడం మొదలుపెట్టింది. చూపు ఆనకపోయినా చెయ్యి మరిచిపోలేదు. దూదికి బూడిదరంగు అంటుకుంది. ఒక్కొక్క గీతా మళ్లీ పైకి వచ్చింది.

చిట్టి దాన్ని స్కాన్ చేసి, రంగులు తిరగేసి, తెర మీద పెద్దది చేసింది. రెండు జడల పదిహేడేళ్ల పిల్ల, దించుకున్న గడ్డం, దాని మీద పీకగా మిగిలిన వెంట్రుకలు. చెంపల మీద మొటిమలు కూడా ఉన్నాయి. మెడ మడతలో నల్లచార అప్పటికే మొదలై ఉంది. తనని తాను అలా చూసుకోవడం చిట్టికి అదే మొదటిసారి. అద్దంలో ఎప్పుడూ వెంట్రుకనే వెతికింది గానీ మనిషిని చూసుకోలేదు. తను భయపడినంత వికారంగా ఏమీ లేదు ఆ పిల్ల. బెదురు చూపులు చూస్తోంది, అంతే. చిట్టికి ఆ పిల్ల మీద జాలి వేసి, కళ్లలో నీళ్లు తిరిగాయి. పెన్సిలమ్మ చూడనట్టు దూదిని పారేయడానికి బయటికి వెళ్లింది.

ఆ తర్వాతి ఏళ్లవి వెతకడం ఇంకా తేలిక. టచింగ్ చేయకముందు తీసినవి తీసినట్టే కంప్యూటర్లో ఉంటాయి. ఇక్కడ పనికి చేరినప్పటిది, పెళ్లినాటిది, ఆ తర్వాత పుట్టినరోజులవి. పెళ్లి ఫోటోలో ఆమె మేకప్ కింద కూడా నీడ కనబడుతోంది. ఏటేటా కొంచెం కొంచెంగా ముదిరింది తప్ప ఎక్కడా ఒక్కసారిగా వచ్చింది కాదు. చిట్టి వాటిని వరసగా ప్రింటు తీసింది. మామగారి నియమం మొదటిసారి తప్పబోతోందని పెన్సిలమ్మ గొణిగింది గానీ అడ్డం చెప్పలేదు.

ఆ ప్రింట్లు కౌంటరు మీద ఆరుతుండగా ఫోటోగ్రాఫరు షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు. చేతిలో టిక్కెట్లున్నాయి. ఎదురువీధి వాడు పైగా మంచినీళ్లిచ్చి ధైర్యం చెప్పాడని, వాడు అంత చెడ్డవాడేమీ కాదని చెప్పబోతూ, ప్రింట్లు చూసి ఆగిపోయాడు. ఒక్కొక్కటీ తీసి అంచులు పట్టుకుని చూశాడు. పెళ్లినాటిది దగ్గరికి వచ్చేసరికి దాన్ని ట్యూబులైటు కిందికి తీసుకెళ్లాడు.

"వీటిలో చాలావి నేను తీసినవే."

"అవునండీ."

"మరి నేను చూడలేదేంటి?"

చిట్టి ఇక మంచినీళ్ల కోసం చూడలేదు. డాక్టరమ్మకి చెప్పింది అబద్ధమంది. పదహారో ఏట నుంచీ ఉందంది. నెలసరి ఏనాడూ సరిగ్గా రాలేదని, నెలల తరబడి రాకపోవడం తనకి మామూలేనని, ఆయనకి చెబితే ఎలా చూస్తాడోనని చెప్పలేదని, ఆ తర్వాత చెప్పాల్సిన సమయం దాటిపోయిందని, దాటిపోయిన కొద్దీ ఇంకా కష్టమైందని ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ గడ్డానికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది. అది ఆమెకే తెలియదు.

ఫోటోగ్రాఫరు కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాడు. "అంటే గడ్డ లేనట్టేనా?" అని మొదట అదే అడిగాడు.

"డాక్టరమ్మ చెప్పాలి."

ఆయన ముఖంలో ముందు ప్రాణం లేచొచ్చింది. అది చూసి చిట్టి కుదుటపడబోయేలోగా కోపం వచ్చింది. ఈ మూడు రోజులూ తను ఏమేం ఊహించుకున్నాడో, ఎవరికి ఏమేం మొక్కుకున్నాడో తెలుసా అన్నాడు. నేను అంత పరాయివాణ్ణా అన్నాడు. చిట్టి తలదించుకుని పడింది. పడాల్సిన మాటలే అనిపించింది ఆమెకి. ఎంతసేపు సాగేదో గానీ, పెన్సిలమ్మ చెప్పులు వేసుకుని వచ్చి నిలబడింది. "ముందు డాక్టరు దగ్గరికి పదండి. తగువెక్కడికీ పోదు, వచ్చాక పడొచ్చు" అంది. ముగ్గురూ ఆటో ఎక్కారు.

డాక్టరమ్మ సాయంత్రం క్లినిక్కులో రెండు వరసల ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తర్వాత చిట్టిని మందలించింది, గట్టిగానే. ఒంటరిగా అడగకుండా మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడగడం తన పొరపాటేనని ఆ వెంటనే ఒప్పుకుంది. మళ్లీ మొదటి నుంచి ప్రశ్నలన్నీ వేసింది. ఈసారి జవాబులు వేరేగా వచ్చాయి. సర్జన్ దగ్గరికి పరుగెత్తాల్సిన అవసరం లేదంది. రక్తపరీక్షలు ఇంకొన్ని చేయించి, పొట్ట స్కాన్ ఇక్కడే తీయించి, ఆ తర్వాత ఖాయం చేద్దామంది. కానీ చూస్తుంటే ఇది పీసీఓఎస్ అంది.

ఫోటోగ్రాఫరు ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. అందులో గడ్డ ఉందా అని అడిగాడు. ఆవిడ కాగితం మీద గుండ్రంగా గీసి చూపించింది. అండాశయంలో నెలనెలా ఒక గుడ్డు ఎదిగి విడుదల కావాలి. ఈ తేడా ఉన్నవాళ్లలో అవి సగం ఎదిగి ఆగిపోతాయి, స్కాన్‌లో చిన్న చిన్న నీటిబుడగల్లా కనబడేవి అవే, అవి గడ్డలు కావు. చాలామందిలో ఒళ్లు, రక్తంలో చక్కెరని అదుపు చేసే ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు. వినడం లేదని ఒళ్లే ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని ఎగదోసి మగ హార్మోను పెంచుతుంది. వెంట్రుకలు, మొటిమలు, నెలసరి తప్పడం దాని వల్ల. మెడ మీది నలుపు ఇన్సులిన్ ఎక్కువవడం వల్ల, ఎంత రుద్దినా పోయేది కాదు. రుద్ది రుద్ది చర్మం లేపుకున్న రోజులు గుర్తొచ్చి చిట్టి మెడ తడుముకుంది. ఇది ఎవరి తప్పూ కాదని, లోకంలో చాలామందికి ఉన్నదేనని, పూర్తిగా పోగొట్టలేకపోయినా అదుపులో పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. షుగరు పరీక్ష మాత్రం ఏటా తప్పకూడదంది. నడక, తిండి, మాత్రలు అన్నీ చెప్పింది. మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే మూడు నెలలకోసారి ఫోటో తీసి తెమ్మని, ఈసారి దిద్దకుండా తెమ్మని ఫోటోగ్రాఫరు వైపు చూసి అంది. పెన్సిలమ్మ గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చుంది.

పిల్లల సంగతి చిట్టి అడగలేదు, పెన్సిలమ్మే అడిగింది. గుడ్డు విడుదలయ్యేలా చేసే మాత్రలున్నాయని, చాలామందికి పిల్లలు పుడతారని డాక్టరమ్మ చెప్పింది. అయితే అవి మొదలుపెట్టే ముందు ఆయనకీ ఒక పరీక్ష చేయాలంది. పిల్లలు కావాలంటే ఒక్కళ్లని చూస్తే సరిపోదు కదా అంది. ఫోటోగ్రాఫరు వెంటనే, "తప్పకుండా. సోమవారం వస్తాను" అన్నాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు గానీ, అది కాస్త మరీ వెంటనే వచ్చిన జవాబు.

ఇంటికి వచ్చేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. తాళాలవాడు బడ్డీ కట్టేస్తున్నాడు. దారిలో ఫోటోగ్రాఫరు కోపంగా ఏమీ లేడు, ఆటో బయటికే చూస్తూ కూర్చున్నాడు. పెన్సిలమ్మ లోపలికి పోయి టీ పెట్టింది. ఆయన ఏమనుకున్నాడో, డాక్టరమ్మ అడిగిన మొదటి ఫోటో ఇప్పుడే తీసేద్దామన్నాడు. గొడుగు లైటు వేసి, మబ్బుల తెర పక్కకి నెట్టి, వెనక ఉత్త తెల్లగోడ ఉండేలా స్టూలు జరిపాడు. చిట్టి ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. పౌడరు కూడా రాసుకోలేదు.

"గడ్డం కొంచెం పైకి" అన్నాడు.

ఆ మాట ఆమె మామగారి నోట విన్నది, మొగుడి నోట విన్నది, తను కూడా కస్టమర్లకి రోజూ చెబుతుంది. విన్నప్పుడల్లా దించేది. ఈసారి ఎత్తింది. లైటు నేరుగా గడ్డం మీద పడుతోందని తెలుస్తూనే ఉంది. అయినా ఎత్తే ఉంచింది. క్లిక్ కోసం చూసింది. అది వినిపించలేదు. కెమెరా వెనక నుంచి ఆయన తల ఇవతలికి రాలేదు.

"చిట్టీ."

"ఊఁ."

"ఇందాక డాక్టరమ్మ చెప్పిన టెస్టు."

"సోమవారం వస్తానన్నారుగా."

"వెళ్లక్కర్లేదు." కెమెరాతో మాట్లాడుతున్నట్టుంది ఆయన గొంతు. "రెండేళ్ల కిందటే చేయించుకున్నాను. నాలోనూ తేడా ఉందన్నారు. మీ ఎవ్వరికీ చెప్పలేదు."

లోపల టీ గిన్నె చప్పుడు ఆగిపోయింది. రెండేళ్లు. ఆ రెండేళ్లలో వెండి గిన్నె రెండుసార్లు బయటికి వచ్చింది, ఆ రెండుసార్లూ ఈయన గుమ్మంలో నిలబడి పేపరు చదువుకున్నాడు. చిట్టికి అది గుర్తొచ్చింది. అయినా ఎత్తిన గడ్డం దించలేదు.

"కెమెరా వదిలి ఇవతలికి రండి" అంది. "వచ్చి, నా ముఖం చూసి చెప్పండి."